ఆకాశంలో కమాను, కణతల్లో పోటు

మా కాల్గరీలో జనవరిలో కొన్ని రోజులు ఇలా ఉంటాయి. రాత్రి పడుకునేటప్పుడు బయట మైనస్ ఇరవై రెండు. పొద్దున లేచి వంటింటి కిటికీలోంచి చూస్తే పడమటి వైపు, రాకీ కొండల మీద, మబ్బు దుప్పటి అంచు విల్లులా వంగి ఉంటుంది. దాని కింద ఆకాశం నీలంగా మెరుస్తూ ఉంటుంది. ఇక్కడివాళ్ళు దాన్ని షినూక్ ఆర్చ్ అంటారు. అది కనబడిందంటే అందరికీ పండగే. ఆ రోజో మర్నాడో గాలి తిరుగుతుంది, మధ్యాహ్నానికి సున్నా దాటి పైకి పోతుంది, చూరు నుంచి మంచు కరిగి బొటబొటా కారుతుంది. పిల్లలు జాకెట్ల జిప్పులు తీసేసి తిరుగుతారు. పక్కింటాయన ఉత్త చొక్కాతో బయటికొచ్చి కారు కడుక్కుంటాడు.

నేను మాత్రం ఆ కమాను చూడగానే మాత్రల డబ్బా ఎక్కడుందో వెతుక్కునేదాన్ని. ఎందుకంటే అప్పటికే కుడి కణతలో సన్నగా పోటు మొదలై ఉండేది.

ఈసారి మన శీర్షికలో ఈ తలనొప్పి గురించే. కాల్గరీలో ఉన్నవాళ్ళకే కాదు, మబ్బు పట్టినా, ఎండ మారినా, మంచు కురిసే ముందు కూడా తల పట్టుకునేవాళ్ళు మన ఇళ్ళల్లో చాలామంది ఉన్నారు. వాళ్ళందరికీ పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు ఆ గాలి సంగతి. షినూక్ అనేది కొలంబియా నది ముఖద్వారం దగ్గర ఉండే ఒక మూలవాసి జాతి పేరు. మాకు ఇక్కడ ఆ పేరుతో పెద్ద షాపింగ్ మాల్ కూడా ఉంది. పసిఫిక్ మహాసముద్రం మీంచి తేమతో వచ్చే గాలి కొండలు ఎక్కుతూ చల్లబడి, బ్రిటిష్ కొలంబియా వైపే వానగా, మంచుగా తేమను వదిలేస్తుంది. పొడిబారి ఇటువైపు దిగేటప్పుడు వేడెక్కుతుంది. డిగ్రీలో చదువుకున్న ఫిజిక్సు నాకు ఇన్నేళ్ళకి ఇక్కడ పనికొచ్చింది. పొడిగాలి కిలోమీటరు ఎక్కితే సుమారు పది డిగ్రీలు చల్లబడుతుంది, దిగితే అంతే వేడెక్కుతుంది. కానీ మబ్బు కడుతూ ఎక్కే గాలి, ఆవిరి నీరవుతూ వేడిని వదులుతుంది కాబట్టి, కిలోమీటరుకి ఐదారు డిగ్రీలే చల్లబడుతుంది. సముద్రం దగ్గర పది డిగ్రీలున్న గాలి మొదటి కిలోమీటరు పొడిగా, తర్వాత రెండు కిలోమీటర్లు మబ్బు కడుతూ ఎక్కిందనుకోండి. పైకి వెళ్ళేసరికి మైనస్ పన్నెండు అవుతుంది. అక్కడి నుంచి కిలోమీటరు ఎత్తులో ఉన్న మా ఊరికి దిగేసరికి ప్లస్ ఎనిమిది. అప్పటిదాకా ఉత్తరధ్రువం చలిలో గడ్డకట్టి ఉన్న ఊరి మీదికి ఆ ఎనిమిది డిగ్రీలు ఒక్కసారిగా వచ్చి పడతాయి. ఇలాంటి గాలి వల్లే 1943 జనవరి 22న అమెరికాలో సౌత్ డకోటాలోని స్పియర్‌ఫిష్ అనే ఊళ్ళో రెండే నిమిషాల్లో మైనస్ ఇరవై నుంచి ప్లస్ ఏడుకి పెరిగిందని రికార్డు ఉంది.

అమ్మకి ఫోన్లో ఇదంతా చెబితే, "ఇందులో కొత్తేముందే, పడమటి గాలేగా!" అంది. మాది పల్నాడు వైపు. రెంటచింతల ఎండల గురించి వినని తెలుగువాళ్ళుండరు. మే నెలలో సముద్రపు గాలి రాక, దక్కను మీద కాగిన గాలి పడమటి నుంచి దిగితే తలుపులు బిగించుకుని కూర్చోవడమే. "పడమటి గాలి తిరిగిన రోజున మీ అమ్మమ్మ తలకి గుడ్డ బిగించి కట్టుకుని చీకటి గదిలో పడుకునేది. శొంఠి అరగదీసి పట్టు వేసేదాన్ని. వాంతి అయ్యాక గానీ తగ్గేది కాదు" అని కూడా చెప్పింది.

ఒకవైపు తలపోటు, వెలుతురు పడకపోవడం, వాంతి. అమ్మమ్మది పార్శ్వపునొప్పి, అంటే మైగ్రేన్. అది కుటుంబాల్లో వస్తుందని అందరూ ఒప్పుకున్నదే. అమ్మమ్మ గాజులతో పాటు ఇది కూడా నాకొచ్చిందన్నమాట.

కానీ ఆ మాట తెలుసుకోవడానికి నాకు ఆరేళ్ళు పట్టింది. అప్పటిదాకా మా ఇంట్లో దాని పేరు 'సైనస్'. తలనొప్పితో పాటు ముక్కు బరువెక్కేది, కళ్ళ వెంట నీళ్ళు వచ్చేవి. వాతావరణం మారినప్పుడే వచ్చేది. మన వాళ్ళలో ఏ నలుగురు కూర్చున్నా, 'నాకూ సైనసేనండీ' అనేవాళ్ళు ఇద్దరుంటారు కదా. ఆవిర్లు పట్టాను, ముక్కులో స్ప్రేలు కొట్టుకున్నాను. 2004లో అమెరికాలో ఒక పరిశీలన ప్రచురించారు. తమకి సైనస్ తలనొప్పి అని చెప్పుకున్న దాదాపు మూడువేల మందిని పరీక్షగా చూస్తే వాళ్ళలో 88 శాతం మందికి ఉన్నవి మైగ్రేన్ లక్షణాలు. మైగ్రేన్ వచ్చినప్పుడు కూడా ముక్కు కారుతుంది, కళ్ళు చెమరుస్తాయి. అసలు సైనస్ ఇన్‌ఫెక్షన్ అయితే చిక్కటి పసుపు పచ్చని చీమిడి, జ్వరం, వాసన తెలియకపోవడం లాంటివి ఉంటాయి. నాకు ఒక్కసారీ అవి లేవు.

పేరు తప్పు పెట్టుకున్నాను కాబట్టి మందూ తప్పే వాడాను. ఊరి నుంచి ఎవరొస్తున్నా నా తరఫున ఒకటే కోరిక ఉండేది, తలనొప్పి మాత్రలు. ఒక మాత్ర, ఒక గ్లాసు కాఫీ, నుదుటికి అమృతాంజనం. తెలుగువాడికి తలనొప్పి వస్తే చేయి అటే పోతుంది. 1893లో బొంబాయిలో దాన్ని తయారుచేసింది మన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారే కదా. అమృతాంజనంతో ఏ గొడవా లేదు. గొడవంతా మాత్రలతోనే.

నాకు కళ్ళు తెరిపించింది మా పాప. బళ్ళో డిసెంబరు కచేరీ. ఇది మంచుతునక వేషం వేసి రెండు లైన్లు చెప్పాలి. నెల రోజులు ఇంట్లో ప్రాక్టీసు చేశాం. ఆ రోజు మధ్యాహ్నం గాలి తిరిగింది. నేను కర్టెన్లు మూసి, పక్కన బకెట్టు పెట్టుకుని పడుకున్నాను. మావారొక్కరే వెళ్ళి వీడియో తీసుకొచ్చారు. మర్నాడు పొద్దున పాప మంచం దగ్గరికొచ్చి, "అమ్మా, ఇవాళ నువ్వు షినూక్ అమ్మవా, మామూలు అమ్మవా?" అని అడిగింది. కోపంగా అడగలేదు. స్వెట్టర్ వేసుకోవాలా వద్దా అని అడిగినట్టు అడిగింది.

ఆ వారమే ఫ్యామిలీ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. "ఈ ఊరి గాలి నాకు పడదు. మేము ఊరు మారాలా?" అనే నా మొదటి ప్రశ్న. ఆవిడ మారమనీ అనలేదు, వద్దనీ అనలేదు. "ఎన్ని రోజులు నొప్పి ఉంటోంది, ఎన్ని రోజులు మాత్ర వేసుకుంటున్నారు? రాసుకుని రండి" అన్నారు. రాయడం మొదలుపెట్టింది అప్పటికే నవంబరు నుంచి ఉన్న నా కిరాణా కాలెండరులో. మాత్ర వేసుకున్న రోజు దాని మీద చుక్క పెట్టడం నాకలవాటు, రెండోసారి పొరపాటున వేసుకోకుండా. ఆ చుక్కల పక్కన మిగతావి గుర్తు చేసుకుని చేర్చాను, జనవరి చివరిదాకా కొనసాగించాను. ఎన్విరాన్‌మెంట్ కెనడా వాళ్ళ సైటులో పాత రోజుల గాలి వేగం, ఉష్ణోగ్రత గంటగంటకీ దొరుకుతాయి. అవి కూడా పక్కన రాసుకున్నాను.

మొత్తం 92 రోజులు. తలనొప్పి ఉన్నవి 52. షినూక్ రోజున గానీ, దాని ముందు రోజున గానీ వచ్చినవి 19.

పందొమ్మిదే! నేను చదివింది సైన్సు. అయినా ఆరేళ్ళుగా యాభై రెండింటినీ గాలి ఖాతాలోనే రాస్తున్నాను. మిగిలిన ముప్పై మూడు ఎక్కడివి? ఎనిమిది శనివారాలు ఒక్కపొద్దున్న రోజులవి. ఏడు, ఇండియాతో అర్ధరాత్రి దాకా ఫోన్లు మాట్లాడి మర్నాడు లేటుగా లేచినవి. ఆరు నెలసరి ముందువి. మిగిలిన పన్నెండుకీ ఏ కారణమూ కనబడలేదు. పొద్దున్నే మొద్దుగా మొదలయ్యే నొప్పి అది. వాంతి ఉండదు, పోటు ఉండదు, తల మీద బరువు పెట్టినట్టు ఉంటుంది.

డాక్టరుగారు ఆ పన్నెండు మీదే వేలు పెట్టారు. "మాత్ర వేసుకున్న రోజులు ఎన్ని?" నలభై ఎనిమిది. అంటే నెలకి పదహారు. మామూలు పారాసెటమాల్, ఐబుప్రొఫెన్ లాంటివి నెలకి పదిహేను రోజులు, కెఫీన్ కలిపిన నొప్పి మాత్రలైతే, లేదా మైగ్రేన్‌కిచ్చే ట్రిప్టాన్లు అయితే నెలకి పది రోజులు. అంతకన్నా ఎక్కువ మూడు నెలలకి మించి వాడితే ఆ మాత్రలే తలనొప్పి తెప్పిస్తాయట. మాత్ర ప్రభావం తగ్గగానే తల నొప్పెడుతుంది, అందుకని మళ్ళీ మాత్ర. నేను వాడేవి కెఫీన్ ఉన్నవే. మాత్రలు ఎన్ని అన్నది కాదు, ఎన్ని రోజులు అన్నదే లెక్క.

ఇక్కడ గాలి తప్పేమీ లేదనుకోకండి. కాల్గరీ యూనివర్సిటీ డాక్టర్లు మైగ్రేన్ ఉన్న 75 మంది డైరీలు తీసుకుని, వాతావరణ లెక్కలతో పోల్చి, 2000లో న్యూరాలజీ అనే పత్రికలో ప్రచురించారు. మొత్తం మీద షినూక్ ముందు రోజున, గంటకి 38 కిలోమీటర్లు దాటి షినూక్ వీచిన రోజున మైగ్రేన్ వచ్చే అవకాశం పెరిగింది. అయితే అది అందరికీ కాదు. కొందరికి గట్టిగా గాలి వీచే రోజు పడదు. ఇంకొందరికి ముందు రోజు పడదు. రెండూ పడనివాళ్ళు ఇద్దరే. ఆల్ప్స్ కొండల దగ్గర ఫ్యోన్ అనే ఇలాంటి గాలికే తలనొప్పులు వస్తాయని అక్కడివాళ్ళు ఎప్పటినుంచో చెప్పుకుంటారు. అందుకని 'గాలికి తలనొప్పేమిటి, వంకలు!' అని ఎవరైనా అంటే నొచ్చుకోకండి. లెక్క మీ వైపే ఉంది. కాకపోతే మీరు ఏ రకమో మీ డైరీ చెప్పాలి. నేను ముందు రోజు రకం. ఆకాశం నిమ్మళంగా, కమాను మాత్రం కనబడుతూ ఉండగా నాకు మొదలవుతుంది.

ఆ పాత మాత్రలు మానేయడం చెప్పినంత తేలిక కాదు. మొదటి రెండు వారాలు నరకం చూశాను. నొప్పి పెరుగుతుందని డాక్టరుగారు ముందే చెప్పబట్టి సరిపోయింది, లేకపోతే మూడోరోజే డబ్బా తెరిచేదాన్ని. మావారు ఆ డబ్బా తీసుకెళ్ళి మందుల షాపులో ఇచ్చేసి వచ్చారు. వాడని మందులు ఇక్కడ షాపువాళ్ళే తీసుకుంటారు. ఆ రెండు వారాలూ ఆయనే పిల్లల క్యారేజీలు కట్టారు. పెరుగన్నంలో ఉప్పు మరిచిపోయిన రోజులున్నాయి, ఎవరూ ఏమీ అనలేదు. ఆరో వారానికి పొద్దుటి మొద్దునొప్పి పోయింది. మీరు కూడా ఇలా మాత్రలు వాడుతూ ఉంటే డాక్టరుతో చెప్పే మానండి. కొన్ని మందులు ఉన్నట్టుండి ఆపకూడదు.

శనివారాల సంగతి అత్తయ్యగారితో ఎలా చెప్పాలా అని చాలా తటపటాయించాను. ఆ ఒక్కపొద్దు మా పెళ్ళయినప్పటి నుంచి ఆవిడ మాట మీద ఉంటున్నదే. చివరికి ఫోన్లో భయపడుతూ చెప్పాను. "అత్తయ్యగారూ, కడుపు ఖాళీగా ఉంటే తలనొప్పి వస్తోందండీ" అన్నాను. "ఇన్నేళ్ళు చెప్పలేదేమమ్మా! వెంకటేశ్వరస్వామి నీ తల నొప్పించమన్నాడా? వేళకి పాలు, పళ్ళు తీసుకో" అన్నారు. ఆరేళ్ళు నేను గాలిని తిట్టుకున్నానే గానీ, ఆవిడతో ఒక్క మాట చెప్పలేకపోయాను.

ఇప్పుడు నేను చేసేది ఇది. రోజూ పొద్దున కాఫీతో పాటు వాతావరణం చూస్తాను. పడమటి గాలి నలభై దాటుతుందని, ఉష్ణోగ్రత ఒక్క రోజులో పది పదిహేను డిగ్రీలు ఎక్కుతుందని ఉంటే ఆ రెండు రోజులూ మిగతావన్నీ క్రమంగా ఉంచుకుంటాను. భోజనం వేళకి. నిద్ర వేళకి. కాఫీ రోజూ ఎన్ని కప్పులో అన్నే, ఎక్కువా కాదు తక్కువా కాదు. అమ్మకి ఫోను పొద్దున్నే, అప్పటికి అక్కడ రాత్రి. ఫర్నేసు వేడికి ఇల్లు పొడిబారిపోతుంది కాబట్టి నీళ్ళ సీసా ఎప్పుడూ పక్కనే. మంచు మీద ఎండ పడి కళ్ళు చెదురుతాయి, అందుకని చలికాలమైనా చలవ కళ్ళద్దాలు లేకుండా బయటికి పోను. మైగ్రేన్ ఉన్న తల మార్పును తట్టుకోలేదు. ఒక మార్పు ఆకాశంలో వస్తున్నప్పుడు ఇంట్లో ఇంకో రెండు మార్పులు దానికి జత చేయకపోవడమే నా పద్ధతి.

పోటు మొదలైతే ఆగి చూడను. డాక్టరుగారు రాసిచ్చిన ట్రిప్టాన్ మాత్ర నొప్పి ముదరక ముందే వేసుకుంటేనే బాగా పనిచేస్తుంది. నెలకి తొమ్మిది రోజులు మించకూడదని కాలెండరులో తొమ్మిది గళ్ళు గీసుకున్నాను. గుండె జబ్బు, పక్షవాతం వచ్చినవాళ్ళకి, అదుపులో లేని బీపీ ఉన్నవాళ్ళకి ఈ మాత్రలు పనికిరావు, కాబట్టి పక్కింటివాళ్ళ దగ్గర అడిగి వేసుకునేవి కావు. నొప్పులు మరీ తరచుగా వచ్చేవాళ్ళకి, రాకుండా ఆపడానికి రోజూ వాడే మందులు, నెలకోసారి వేసుకునే ఇంజెక్షన్లు కూడా వచ్చాయి. కళ్ళ ముందు మెరుపులు, వంకర గీతలు కనబడి ఆపైన తలనొప్పి వచ్చే ఆడవాళ్ళు గర్భనిరోధక మాత్రలు వాడుతుంటే ఆ సంగతి డాక్టరుకి తప్పకుండా చెప్పాలి. ఈస్ట్రోజెన్ ఉన్న మాత్రలు వాళ్ళకి పక్షవాతం ముప్పు పెంచుతాయి.

ప్రతి తలనొప్పినీ గాలి మీదికి తోసేయడంలో ఇంకో ప్రమాదం కూడా ఉంది. జీవితంలో ఎన్నడూ రానంత నొప్పి ఒక్క నిమిషంలో పిడుగులా పడితే, జ్వరంతో మెడ బిగుసుకుపోతే, మాట తడబడితే, కాలూ చేయీ పట్టు తప్పితే, చూపు పోతే అది షినూక్ కాదు, 911కి ఫోన్ చేయాలి. తలకి దెబ్బ తగిలాక వచ్చిన నొప్పినీ, యాభై దాటాక కొత్తగా మొదలైన నొప్పినీ డాక్టరుకి చూపించకుండా వదలకూడదు. మా ఆల్బర్టాలో వెళ్ళాలా వద్దా అని అనుమానం వస్తే 811కి చేస్తే రాత్రయినా నర్సు పలుకుతుంది.

మరుసటి చలికాలం అవే మూడు నెలలు మళ్ళీ లెక్క రాశాను. తలనొప్పి రోజులు 22. మాత్ర వేసుకున్నవి 19. అందులో షినూక్‌వి 14. అంటే గాలివి పందొమ్మిది నుంచి పద్నాలుగుకే తగ్గాయి. మిగతావి ముప్పై మూడు నుంచి ఎనిమిదికి దిగాయి. గాలి నన్ను పూర్తిగా వదల్లేదు, వదులుతుందని నేను ఆశ పెట్టుకోలేదు. ఊరు మారే ఆలోచన మాత్రం మానుకున్నాం.

ఆ డిసెంబరులో పాప కచేరీకి వెళ్ళాను. ముందు రోజు పోటు వచ్చింది, మాత్ర వేసుకున్నాను, తగ్గింది. హాల్లో లైట్లు ఎక్కువగా ఉన్నాయని చలవ కళ్ళద్దాలు పెట్టుకునే కూర్చున్నాను. పాప స్టేజీ మీంచి నన్ను వెతుక్కుని పక్కనున్న పిల్లకి చూపించింది. "మా అమ్మ సినిమా స్టార్‌లా వచ్చిందని చెప్పా" అని ఇంటికొచ్చాక చెప్పింది.

మీ ఇంట్లో గోడకి కాలెండరు ఉంటుంది కదా, గుడి వాళ్ళిచ్చిందో, ఇండియన్ స్టోరు వాళ్ళిచ్చిందో. తలనొప్పి వచ్చిన రోజు ఒక గీత, మాత్ర వేసుకున్న రోజు ఒక చుక్క, పక్కన తిండి, నిద్ర, గాలి. రెండు మూడు నెలలు అలా రాసి, దాన్ని తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ముందుగా చుక్కలు లెక్కపెట్టుకుని మరీ వెళ్ళండి.

వచ్చే నెల మళ్ళీ కలుద్దాం. పడమటి వైపు ఆకాశం ఇవాళ కొంచెం విల్లులాగే ఉంది. నేను వెళ్ళి వేళకి అన్నం తినాలి.